రొయ్యల పెట్టెలో పంపరపనస

మా మావయ్యకు కోనసీమలో మూడెకరాల కొబ్బరితోట, ఆ తోట గట్టున పది పన్నెండు మామిడిచెట్లు, ఊరి చివర ఒక రొయ్యల చెరువు ఉన్నాయి. బీరు గురించి మాత్రం ఆయనకు రెండే అభిప్రాయాలు. ఒకటి, పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండాలి. రెండు, తాగినట్టు తెలియాలి. ఈ రెండూ తప్పేనని పోయిన మే నెలలో ఆయన ఇంటి అరుగు మీదే కూర్చుని గంటన్నరసేపు వాదించాను. వాదన ఎవరు గెలిచారో చివర్లో మీరే చెబుదురుగాని. ఆ రోజు సరిగా చెప్పలేకపోయినవి చాలా ఉన్నాయి, వాటి కోసమే ఇది రాస్తున్నాను.

వాదనకు మూలం నేను వెంట తీసుకువెళ్ళిన ఆరు డబ్బాలు. పేల్ ఏల్ అనే రకం బీరు. రాజమహేంద్రవరంలో బీరును ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే దుకాణం ఒకటి వెతికి పట్టుకుని, డబ్బా అడుగున అచ్చువేసిన తేదీ చూసుకుని, కాచి రెండు నెలలు కూడా కాలేదని తేలాకే కొన్నాను. అక్కడి నుంచి మావయ్య ఊరికి గంటన్నర ప్రయాణం. బయట నలభై డిగ్రీలు. ఆ ఎండలో కారు డిక్కీ అంటే కుంపటే. అందుకని రొయ్యలు, చేపలు పంపే తెల్లటి థర్మాకోల్ పెట్టె కొత్తది ఒకటి కొని, పొడికొట్టిన ఐసు పరిచి, డబ్బాలు పేర్చి, పైన మళ్ళీ ఐసు కప్పి, మూతకు టేపు చుట్టాను. జొన్నాడ వంతెన దాటి రావులపాలెం, అక్కడి నుంచి కాలువ గట్టు రోడ్డు. పెట్టె దించుతుంటే మావయ్య ఎదురొచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "ఎంత కౌంటురా?"

చెరువులున్న ఊళ్ళలో ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం: కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. "ఆరు," అన్నాను. ఆరు కౌంటు అంటే ఒక్కో రొయ్య నూట అరవై గ్రాముల పైమాట. మావయ్య కళ్ళు పెద్దవయ్యాయి. మూత తీశాక చిన్నవయ్యాయి.

ఇంత హడావుడి ఎందుకంటే, అంతకు ముందు ఏడాది నాకు ఆ అరుగు మీదే పరాభవం జరిగింది. అదే రకం బీరును దారిలో ఒక చిన్న ఊళ్ళో కొన్నాను. దుకాణం వెనక రేకుల షెడ్డులో అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. అందులోంచి ఒకటి తీసి, పది నిమిషాలు డీప్ ఫ్రిజ్‌లో పడేసి ఇచ్చారు. పండ్ల తోటలో నిలబడినట్టు ఉంటుందని నేను అప్పటికే మావయ్యకు ఊరించి ఉన్నాను. మూత తీస్తే తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది, వెనకాల బెల్లం పాకం మాడినట్టు ఒక తీపి. మావయ్య ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, "బెంగళూరులో దీనికోసమా మీరంతా వరసలో నిలబడేది?" అన్నాడు. నాకు జవాబు లేకపోయింది, ఎందుకంటే ఆ గ్లాసులో ఉన్నదాని గురించి ఆయన చెప్పింది నిజమే.

తప్పు బీరుది కాదు, ఎండది. ఎండదే అని కూడా అనలేను, ఎండలో పెట్టినవాళ్ళది. ఈ సంగతి రొయ్యలు పెంచే మనిషికి చెప్పడం ఎంత తేలికో నాకు ఆ ఏడాది తట్టలేదు. మరుసటి ఏడాది పెట్టె చూసి ఆయన కౌంటు అడిగాక తట్టింది.

ముందు ఈ బీరు ఏమిటో చెప్పాలి. మన దుకాణాల్లో దొరికే బీరులో అత్యధికం లాగర్ రకం. చల్లటి చోట, పది డిగ్రీలకు అటూ ఇటూగా, నెమ్మదిగా పులియబెట్టే ఈస్టుతో చేస్తారు. శుభ్రంగా, తేలిగ్గా ఉంటుంది, పెద్దగా వాసన ఉండదు. ఏల్ రకానికి వాడే ఈస్టు వేరు. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు డిగ్రీల మధ్య చురుగ్గా పనిచేస్తుంది, పనిచేస్తూ పండ్ల వాసనలు కూడా కొన్ని పుట్టిస్తుంది. పేల్ అంటే లేత రంగు. మొలకెత్తించిన బార్లీని మాడకుండా లేతగా ఆరబెడితే వచ్చే రంగు అది. ఆల్కహాలు అయిదు శాతానికి అటూ ఇటూ. ఇంతవరకూ ఇందులో పండు లేదు. అసలు మంచి పేల్ ఏల్‌లో ఎక్కడా పండు ఉండదు. పండు వాసనంతా హాప్స్ అనే పూలది.

హాప్స్ తీగకు కాస్తాయి. చలిదేశాల పంట, పగలు బాగా పొడవుగా ఉండే వేసవి కావాలి. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండించారు కానీ, డెల్టాలో నాటితే ఆకులు తప్ప ఏమీ రావు. పువ్వు చూడడానికి లేత ఆకుపచ్చ పొలుసులు ఒకదాని మీద ఒకటి కప్పుకున్న చిన్న మొగ్గలా ఉంటుంది. విప్పితే పొలుసుల మొదట్లో పసుపు పొడి. చేదు, వాసన రెండూ అందులోనే. ఆ పొడిని గంటసేపు మరిగిస్తే చేదు బీరులోకి దిగుతుంది, వాసన ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. వాసన కావాలంటే చివర్లో వేయాలి. ఇంకా కావాలంటే పులవడం అయిపోయి, చల్లబడిన బీరులోనే వేసి కొన్ని రోజులు నానబెట్టాలి. దీన్ని డ్రై హాపింగ్ అంటారు. పేరు కొత్తదే కానీ సంగతి మనకు పాతది. చారు దింపాక కొత్తిమీర ఎందుకు వేస్తారో తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పాలా?

ఇక అత్తయ్య.

అత్తయ్య తాగదు, తాగేవాళ్ళ పక్కన కూర్చోదు. కానీ ఆ ఇంట్లో ముక్కు అంటే ఆవిడదే. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయలు దింపి కొట్టుగదిలో వరిగడ్డి పరిచి మగ్గవేస్తారు. తెల్లారే ఆవిడ తలుపు తీసి, దీపం కూడా వేయకుండా, ఏ మూల కాయలు ఈ రోజుకు వచ్చాయో, ఏ వరసలో ఒకటి కుళ్ళు పట్టిందో చెప్పేస్తుంది. కాయను చేత్తో నొక్కి చూసేవాళ్ళంటే ఆవిడకు చిన్నచూపు. తొడిమ దగ్గర వాసన చూడాలి, అంతే.

ఆ సాయంత్రం మొదటి డబ్బా తీసి గ్లాసుల్లో పోశాను. పొద్దుగూకుతోంది, ఆకు కదలడం లేదు, ఒంటికి చొక్కా అతుక్కుపోయే ఉక్కపోత. అత్తయ్య చేటలో ఏదో చెరుగుతూ అరుగు చివర నుంచి అంది: "ఈ రోజుల్లో పంపరపనస ఎక్కడిదిరా? ఎవరు ఒలిచారు?"

ఎవరూ ఒలవలేదు. ఆ వాసన గ్లాసులోంచి వస్తోంది. లేచివచ్చి, గ్లాసు ముట్టుకోకుండా వంగి చూసింది. "పంపరపనస తొక్క. తొన కాదు, తొక్క. ఇంకా జామ ఉంది. బాగా పండి పడిపోయిన జామ. మామిడి సొన కూడా," అని చెప్పి, ఇంత వాసనను సారాలో కలిపి పాడుచేశారని విసుక్కుంటూ వెళ్ళిపోయింది. సారా కాదని చెప్పబోయాను. వినలేదు.

నేను బెంగళూరులో పదేళ్ళుగా ఈ రకం బీరు తాగుతున్నాను. డబ్బా మీద "ట్రాపికల్" అని రాసి ఉంటే, అవును ట్రాపికలే అని తలూపేవాణ్ణి. ఆ మాటకు అర్థం ఏమిటి? ఉష్ణమండలం అట. ఉష్ణమండలంలో పుట్టినవాడికి అది ఒక వాసన పేరా? చలిదేశంలో కూర్చుని, మామిడి, అనాస, జామ అన్నీ ఒకే ఓడలో దిగుమతి అయ్యే చోట పెట్టుకున్న పేరు అది. మన ఇంట్లో ఒక్క మామిడికే బంగినపల్లి వాసన వేరు, చెరకురసం వేరు, కొత్తపల్లి కొబ్బరి వేరు, పచ్చికాయ తొడిమ విరిస్తే చిమ్మే సొన వేరు. ఇన్ని మాటలున్న ఇంట్లోంచి వెళ్ళినవాణ్ణి ఒక్క అరువు మాటతో సర్దుకున్నాను. అత్తయ్య మూడు సెకన్లలో మూడు పేర్లు చెప్పింది.

పైగా మూడూ సరైనవే. ఈ రకం బీరుకు నాంది పలికింది అమెరికాలోని ఆరెగన్‌లో పెంపకం చేసి 1972లో విడుదల చేసిన కాస్కేడ్ అనే హాప్స్. 1980లో కాలిఫోర్నియాలోని చికో అనే ఊళ్ళో కెన్ గ్రాస్‌మన్ దాన్ని ధారాళంగా వేసి సియెర్రా నెవాడా పేల్ ఏల్ కాచాడు. ఇప్పటి క్రాఫ్ట్ పేల్ ఏల్ (చిన్న కార్ఖానాల్లో ప్రత్యేకంగా కాచేవి) అన్నింటికీ దాదాపు అదే తాత. కాస్కేడ్ వాసనను అక్కడివాళ్ళు గ్రేప్‌ఫ్రూట్‌తో పోలుస్తారు. గ్రేప్‌ఫ్రూట్ ఎక్కడిది? పద్దెనిమిదో శతాబ్దంలో కరీబియన్ దీవుల్లో పంపరపనస, బత్తాయి నారింజ జాతి కలిసి దానంతటది పుట్టిన సంకరం. అంటే పంపరపనసకు బిడ్డ. అమెరికావాడు బిడ్డ పేరు చెబుతున్నాడు, మా అత్తయ్య తల్లి పేరు చెప్పింది.

మామిడి సొన సంగతీ అంతే. హాప్స్ నూనెలో ముఖ్యమైన పదార్థం మిర్సీన్. చాలా మామిడి రకాల్లోనూ అది ఉంటుంది. పూలలో ఉండే లినలూల్, గులాబీలో ఉండే జెరానియోల్ కూడా హాప్స్‌లో ఉన్నాయి. జెరానియోల్‌ను ఈస్టు పులిసేటప్పుడు నిమ్మజాతి వాసన ఉన్న మరో పదార్థంగా మారుస్తుంది. పండిన జామ వాసనకు కారణం గంధకం ఉన్న థయోల్స్ అనే పదార్థాలు. సిట్రా, మొజాయిక్, ఆస్ట్రేలియావారి గెలాక్సీ లాంటి కొత్త హాప్స్‌లో అవి ఉంటాయి. లీటరు బీరులో నానోగ్రాముల లెక్కన ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. గ్రాములో వందకోట్ల వంతు. తెల్లారుజామున చీకటి గదిలో కుళ్ళుతున్న ఒక్క కాయను పట్టే ముక్కుకు ఇది పెద్ద పనేమీ కాదు.

ఇంత సున్నితమైనది కాబట్టే నిలవ ఉండదు. నా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. పండు వాసన ఉన్న పేల్ ఏల్ సరుకు కాదు, పంట. దాన్ని సిమెంటు బస్తాలా గోదాములో పడేయకూడదు.

మావయ్యకు ఇలా చెప్పాను. చెరువులో వల వేసి రొయ్య పట్టిన మరుక్షణం ఏం చేస్తారు మీరు? ఐసు నీళ్ళలో ముంచుతారు. లారీ గంట ఆలస్యమైతే ఏజెంటుకు ఎన్నిసార్లు ఫోను చేస్తారు? ఐసు తక్కువైందని తెలిస్తే తల మెత్తబడుతుందని, రేటు పడుతుందని నిద్రపోరు కదా. బీరు కాచేవాళ్ళ దగ్గర కూడా ఇలాంటి మోటు లెక్క ఒకటి ఉంది, మూడు, ముప్పై, మూడు వందలు అంటారు. ముప్పై రెండు డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంటే ఎంత పాతబడుతుందో, ఇరవై రెండు డిగ్రీల్లో ముప్పై రోజులకు, ఫ్రిజ్ చల్లదనంలో మూడు వందల రోజులకు అంత పాతబడుతుంది. మన మే నెలలో రేకుల షెడ్డు కింద మూడు రోజులు కూడా అక్కరలేదు. మొదట పండు వాసన పోతుంది. తర్వాత అట్ట వాసన వస్తుంది, అది లోపల చిక్కుకున్న కాస్త ప్రాణవాయువు, వేడి కలిసి చేసే పని. తెల్ల సీసాల్లోనూ ఆకుపచ్చ సీసాల్లోనూ పోసినదాన్ని ఎండలో పెడితే ఇంకో దుర్గంధం పుడుతుంది. వెలుతురు హాప్స్ చేదును విరగ్గొట్టడం వల్ల వచ్చేది. గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, డబ్బా పూర్తిగా ఆపుతుంది.

"రొయ్యకు కిలోకు ఇంత అని రేటుంది, అందుకని ఐసు పెడతాం. దీనికి తాజాదానికీ పాతదానికీ ఒకటే రేటు. ఎవడు పెడతాడు ఐసు?" అన్నాడు మావయ్య.

ఇది నేను ఎదురుచూడని దెబ్బ. ఇప్పటికీ దీనికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. తాగేవాడు తేదీ అడిగితే తప్ప అమ్మేవాడు తేదీ చూడడు, అంతవరకే చెప్పగలను. సంతలో చేప మొప్పలు ఎత్తి చూడనిదే కొనని మనిషి, బీరు డబ్బా అడుగు ఒక్కసారి తిప్పి చూడడు. అది అలవాటు లేకపోవడమే తప్ప తెలివి లేకపోవడం కాదు.

అలవాటు లేకపోవడం అన్నాను కానీ, ఒకప్పుడు ఉండేది. కల్లు. తాటి గెల గీసి కుండ కడితే రాత్రంతా చుక్క చుక్కగా దిగే రసంలో గాలిలోని ఈస్టు అప్పటికప్పుడే పని మొదలుపెడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులవడం ఆగి నీరా అవుతుంది, పూయకపోతే కల్లు. పొద్దున దింపింది పొద్దునే తాగాలి. అప్పుడు తియ్యగా, తేలిగ్గా, నురగతో ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ పులుపు, మత్తు పెరుగుతాయి. సాయంత్రానికి వేరే పానీయం. మర్నాటికి అది వంటింట్లో పులుపుకు తప్ప దేనికీ పనికిరాదు. మా తాతయ్య ఏ చెట్టుదో చెప్పి మరీ తెప్పించుకునేవాడట. ఏ చెట్టు, ఏ పూట, ఎవరు దింపారు. ఇప్పుడు క్రాఫ్ట్ బీరు దుకాణాల్లో పలకల మీద సుద్దముక్కతో రాసేది సరిగ్గా ఇదే, ఏ హాప్స్, ఏ తేదీ, ఎవరు కాచారు. నేను బెంగళూరులో కొత్తగా నేర్చుకున్నాననుకున్న రసికత మా తాతయ్య తాటాకు దొప్పలోంచే తాగాడు.

ఆ రుచి తెలిసిన నేలలో స్ట్రాంగ్ ఎలా గెలిచింది? దేశంలో అమ్ముడయ్యే బీరులో సింహభాగం స్ట్రాంగే, ఎనిమిది శాతం దాకా ఆల్కహాలు ఉండేది. కారణం అర్థం కానిదేమీ కాదు. పన్ను, ధర సీసాకు ఇంత అని ఉన్నప్పుడు అదే డబ్బుకు ఎక్కువ మత్తు ఎక్కడ వస్తుందో మనిషి లెక్క వేసుకుంటాడు. కూలి చేసి వచ్చినవాడు ఆ లెక్క వేసుకుంటే నేను తప్పుపట్టను. మూడెకరాల కొబ్బరితోట ఉన్నవాడు కూడా అదే లెక్క వేస్తే మాత్రం వాదిస్తాను. ఆ బీరు చల్లగా ఉండాలనడం కూడా ఇక్కడి నుంచే వచ్చింది. దాని రుచి తెలియకుండా ఉండాలంటే నాలుక మొద్దుబారాలి. రెండు డిగ్రీల చల్లదనంలో వాసన గాలిలోకి లేవదు, నాలుకకు స్పర్శ తప్ప ఏమీ తెలియదు. చెడ్డ బీరుకు అది మేలే. మంచి పేల్ ఏల్‌కు మాత్రం డబ్బు ఇచ్చి కొన్నదాన్ని పారబోసుకోవడమే. ఎనిమిది, పది డిగ్రీలు చాలు. మే నెలలో దానికి థర్మామీటరు అక్కరలేదు. ఐసులోంచి తీసి, గ్లాసులో పోసి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అదే దారికి వస్తుంది.

చేదు ఎక్కువ అని ఇంకొక ఫిర్యాదు. కాకరకాయకు చింతపండు, బెల్లం పెట్టి కూర వండుకునే ఇంట్లో ఈ మాట వింటే నాకు నవ్వొస్తుంది. చేదు వెనకాల కాస్త తీపి ఆనవాలు, వాటి మీద పులుపు వాసన. మన నాలుకకు ఈ వరస కొత్త కాదు. ఒక్కటే జాగ్రత్త, పక్కన పెట్టుకునే తిండి. హాప్స్ చేదు మిరప ఘాటును రెచ్చగొడుతుంది. ఆవకాయ ముక్కతో తాగి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. చందువ ముక్కలకు పసుపు, ఉప్పు, కాస్త మిరియాల పొడి పట్టించి వేయించినవి బాగుంటాయి. అత్తయ్య చేసిన పనసపొట్టు కూర, ఆవ పెట్టి, కారం తక్కువగా వండింది, ఇంకా బాగుంది. ఇది నా సొంత అనుభవం, ఎక్కడా రాసి ఉండదు.

వేసవి వస్తే పెద్ద ఊళ్ళలో బీరు కాచే చోట్ల మామిడి గుజ్జు కలిపిన బీరు పెడుతున్నారు. నేను దానికి బద్ధవ్యతిరేకిని. మామిడి అంటే తీపి. ఆ చక్కెరనంతా ఈస్టు తినేస్తుంది. మిగిలేది పులుపు, పీచు, ఉడికించిన గుజ్జు వాసన. అది చాలక మళ్ళీ తీపి కలుపుతారు, అప్పుడు అది బీరూ కాదు మామిడీ కాదు. పండు వేయకుండా పండును తలపించడంలో ఉన్న విద్యను వదిలి, పండును ముంచి చంపడం ఎందుకు? కొట్టుగదిలో గడ్డి మీద కాయలు సిద్ధంగా ఉన్నప్పుడు, మామిడి తినాలనిపిస్తే మామిడే తినవచ్చు. ఈ ఒక్క విషయంలో మావయ్య, అత్తయ్య, నేను ముగ్గురం ఏకమయ్యాం.

మధ్యలో మా బావమరిది ఫోనులో ఏదో చదివి ఒక ప్రశ్న వేశాడు. "బావా, దీన్ని ఇంగ్లండు నుంచి ఇండియాకు ఓడల్లో పంపేవారట కదా. అన్ని నెలలు ఓడలో ఎండకు నిలిచింది, మన షెడ్డులో వారం నిలవదా?"

మంచి ప్రశ్న. పద్దెనిమిదో శతాబ్దం చివర నుంచి లండన్‌లో హాడ్జ్‌సన్ అనే వ్యాపారి కాచిన పేల్ ఏల్ ఈస్టిండియా కంపెనీ ఓడలెక్కి కలకత్తా, మద్రాసు చేరేది. 1820లలో బర్టన్ అనే ఊరివాళ్ళు రంగంలోకి దిగారు, వాళ్ళ నేలలోని జిప్సం కలిసిన నీళ్ళు హాప్స్ చేదును పదునుగా చూపించేవి. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన 1847–52 నాటికి ఆ వ్యాపారం జోరు మీద ఉంది. మన నరసాపురం పక్క మాధవాయపాలెం పేరును నోరు తిరగక మడపోలం చేసి ఒక రకం గుడ్డకు పెట్టుకున్నట్టే, ఈ బీరుకు ఇండియా పేల్ ఏల్ అని పేరు పెట్టుకున్నారు. గుడ్డ ఇక్కడి నుంచి వెళ్ళింది కాబట్టి ఆ పేరుకు అర్థముంది. ఈ బీరులో ఇండియాది అంటూ ఏమీ లేదు, దిగిన రేవు తప్ప. అయితే అది పీపాల్లో నెలల తరబడి ఊరడానికే కాచినది. ఊరగాయ లాంటిది. హాప్స్ చేదు దాన్ని చెడిపోకుండా కాచేది, తాజా పూల వాసన దారిలోనే పోయేది, పోయినా ఎవరూ ఏడవలేదు, వాళ్ళు కోరుకున్నది అది కాదు. ఇప్పుడు మనం డబ్బు పెట్టేది ఆ పోయే వాసన కోసమే. మాగాయ జాడీని అటక మీద పెట్టవచ్చని మామిడిపండును కూడా అటక మీద పెడతామా?

బావమరిది ఒప్పుకున్నాడు. వాడు తేలిగ్గానే ఒప్పుకుంటాడు. ఒప్పుకోనిది అత్తయ్యే.

ఆవిడ అభ్యంతరం రుచి మీద కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీద తిరగబడినప్పుడు ఆవిడకు ముప్పై దాటలేదు. సారాను 1993లో ఆపారు, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ రెండేళ్ళలో తమ వీధిలో ఏ ఇంటి పొయ్యి ఎలా వెలిగిందో ఆవిడకు ఇంటింటి పేరుతో గుర్తు. అలాంటి మనిషి ముందు కూర్చుని, ఇది స్ట్రాంగ్ కంటే తేలిక అత్తయ్యా, వాసన కోసం తాగేది అత్తయ్యా అంటే, ఆ మాటలు నాకే పలచగా వినిపించాయి. వాసన కోసం అని మొదలుపెట్టినవాళ్ళను ఆవిడ చూడలేదా? ఒక్క డబ్బా ధరకు బుట్టెడు కాయలు వస్తాయని కూడా అంది. లెక్క దాదాపు సరిపోయింది. నేను తాగడం మంచిదని ఎక్కడా వాదించడం లేదు. ఎండకు విరుగుడని కూడా అనను. ఆల్కహాలు ఒంట్లో నీటిని బయటికి తోలుతుంది, పగటి ఎండలో తాగితే దాహం పెరుగుతుంది తప్ప తీరదు. ముందు మజ్జిగ తాగి, పొద్దువాలాక, ఒకటితో ఆగేవాడి సంగతి నేను మాట్లాడుతున్నది. తాగడమంటూ ఉంటే ముక్కుతో మొదలుపెట్టి నెమ్మదిగా తాగినవాడు తక్కువ తాగుతాడని నా నమ్మకం. నమ్మకం మాత్రమే, అత్తయ్య ముందు ఆ మాట పైకి అనలేదు.

"వాసన అంత బాగుంటే వాసనే చూడండి, తాగడమెందుకు," అంది ఆవిడ లోపలికి వెళుతూ.

చీకటి పడింది. కాలువ వైపు నుంచి కాస్త గాలి మొదలైంది. రెండో డబ్బా తీసి ముగ్గురికీ సమంగా పోశాను. మావయ్య ఈసారి గ్లాసు ఎత్తగానే తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉన్నాడు. "జామ ఉంది," అన్నాడు, కాస్త ఆశ్చర్యంగా. "మన దొడ్లో పాత జామ, తుఫానుకు పడిపోయిందే, ఆ కాయ." నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. డబ్బా తిప్పి అడుగున తేదీ చూపించాను. కళ్ళజోడు తెప్పించుకుని చదివాడు కూడా.

తర్వాత రొయ్యల పెట్టె మూత తీసి, రెండు పెద్ద ఐసు ముక్కలు ఏరి గ్లాసులో వేసుకున్నాడు.

"ఇప్పుడు బాగుంది," అన్నాడు.